ఒత్తు ఎక్కడ పడాలో తేల్చేదెవరు?

యూనికోడ్ లెక్కలో 'హయత్‌నగర్' తొమ్మిది సంకేతాల వరుస: హ, య, త, పొల్లు, కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, న, గ, ర, మళ్లీ పొల్లు. ఆ కనిపించని గుర్తు తీసేస్తే త కింద న ఒత్తు పడి 'హయత్నగర్' అవుతుంది. ఈ తీర్పు చెప్పేది షేపర్ అనే సాఫ్ట్‌వేర్ భాగం. ఒకే పేరాలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు కలిసి వస్తే ఏ ముక్కను ఏ షేపర్‌కు అప్పగించాలన్నది ప్రోగ్రాము నడుస్తుండగానే తేలాలి.

అను, శ్రీలిపి లాంటి డీటీపీ ఫాంట్ల రోజుల్లో ఈ బెడద లేదు. ఒత్తుల ముక్కలకే కోడ్లు ఇచ్చేశారు కాబట్టి నిర్ణయమంతా టైపు చేసేటప్పుడే అయిపోయేది. ఫాంటు మార్చామా, రాసిందంతా గజిబిజి. 1991లో యూనికోడ్ తెలుగుకు చోటిచ్చాక కూర్పు పని సిస్టమ్ నెత్తిన పడింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో, యూనిస్క్రైబ్ లైబ్రరీతో ఆ పని చేసింది. లినక్స్ వైపు పాంగో అనే లైబ్రరీది ఇంకాస్త సాహసమైన దారి. షేపర్లు విడివిడి మాడ్యూళ్లు. ఏ లిపికి ఏది అన్న జాబితా ఒక ఫైలులో ఉండేది. తెలుగు ఎదురైతేనే దాని మాడ్యూల్ మెమరీలోకి వచ్చేది. చూడముచ్చటైన ఏర్పాటే. కానీ సరైన మాడ్యూల్ దొరకకపోతే ప్రోగ్రాము ఆగదు, ఫిర్యాదూ చేయదు. ఒత్తులు విడిపోయిన తెలుగును నిమ్మళంగా తెర మీద పెడుతుంది. తెలుగు చదవలేని ప్రోగ్రామరుకు అది తప్పని కూడా తెలియదు.

2012లో పాంగో కూర్పు పనిని హార్ఫ్‌బజ్ అనే మరో లైబ్రరీకి అప్పగించింది, తర్వాత ఆ మాడ్యూళ్లనే వదిలేసింది. అంటే నడుస్తుండగా ఎంచుకోవడమనే ఆలోచనే విఫలమైందని వాదించేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. పోయింది బయటి ఫైళ్లను తెచ్చుకునే పద్ధతి. ఎంపిక హార్ఫ్‌బజ్ లోపల ఇంకా సాగుతూనే ఉంది, పైగా లిపితో పాటు ఫాంటునూ అడిగి మరీ. ఫాంటులో లిపిని సూచించే పాత తెలుగు ట్యాగు ఉంటే ఒక తీరు, కొత్తది ఉంటే మరో తీరు. అన్ని లిపులకూ ఒక్క షేపర్ చాలదా అన్న ప్రశ్నకూ జవాబు ఇక్కడే ఉంది: 2015లో విండోస్ 10తో సార్వత్రిక షేపర్ వచ్చినా, అది ప్రధానంగా సొంత షేపర్ లేని లిపుల కోసం. పాత, కొత్త ట్యాగుల తెలుగు ఫాంట్లను హార్ఫ్‌బజ్ నేటికీ భారతీయ లిపుల షేపర్‌కే పంపుతోంది.