జాగ్వార్ ఇ-టైప్ వెనుక బ్రేకుల మార్పిడి

జాగ్వార్ ఇ-టైప్ అనునది ఇంగ్లాండులోని కోవెంట్రీ నగరానికి చెందిన జాగ్వార్ సంస్థ తయారు చేసిన స్పోర్ట్స్ కారు. ఇది 1961 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో మొదటిసారిగా ప్రజల ముందుకు వచ్చింది. 1974లో ఉత్పత్తి ఆగిపోయేనాటికి 72,000కు పైగా కార్లు తయారయ్యాయి. ఈ కారు వెనుక బ్రేకులు చక్రాల వద్ద కాక, కారు మధ్యభాగంలో డిఫరెన్షియల్‌కు ఇరువైపులా అమర్చబడి ఉంటాయి. అందువలన వాటి డిస్కులు, కాలిపర్లు, ఆయిల్ సీళ్ళు మార్చుట పాత కార్ల మరమ్మత్తులో మిక్కిలి శ్రమతో కూడిన పనులలో ఒకటిగా పేరు పొందింది.

బ్రేకులు లోపల ఉండుటకు కారణం

కారు బరువులో అధికభాగం స్ప్రింగుల మీద ఆధారపడి ఉంటుంది. చక్రాలు, హబ్బులు, సాధారణంగా బ్రేకులు మాత్రం స్ప్రింగులకు కింద ఉండి, రోడ్డు ఎత్తుపల్లాలను అనుసరించి పైకీ కిందికీ కదులుతాయి. ఈ కదిలే భాగం ఎంత బరువుగా ఉంటే చక్రం రోడ్డును అంటిపెట్టుకొని ఉండుట అంత కష్టం. కాలికి ఇనుపకడియం వేసి పరుగెత్తమన్నట్లే ఇది. బరువైన డిస్కును, కాలిపర్‌ను చక్రం నుండి తీసి డిఫరెన్షియల్ పక్కన బిగిస్తే ఆ బరువు స్ప్రింగుల పైభాగానికి చేరుతుంది. చక్రం తేలికపడి ప్రయాణం సుఖంగా ఉంటుంది, మలుపులలో పట్టు పెరుగుతుంది.

ఇ-టైప్ వెనుక సస్పెన్షన్ రూపకల్పనలో ఇంజనీరు బాబ్ నైట్ పాత్ర ప్రధానమైనది. ఇదే ఏర్పాటును కొద్దిపాటి మార్పులతో మార్క్ 10, ఎస్-టైప్, ఎక్స్‌జె6, ఎక్స్‌జె-ఎస్ మొదలగు జాగ్వార్ కార్లలో కూడా వాడారు. లోపలి బ్రేకులు జాగ్వార్‌కే ప్రత్యేకం కావు. 1955 నాటి సిట్రోయెన్ డిఎస్ ముందు బ్రేకులు, 1972 నాటి ఆల్ఫా రోమియో ఆల్ఫెట్టా వెనుక బ్రేకులు కూడా ఇటువంటివే.

నిర్మాణం

వెనుక సస్పెన్షన్ మొత్తం ఒక ఉక్కు చట్రంలో ఇమిడి ఉంటుంది. మెకానిక్కులు దీనిని కేజ్ అంటారు. ఈ కేజ్ నాలుగు రబ్బరు దిమ్మల ద్వారా కారు శరీరానికి బిగించబడి ఉంటుంది. కేజ్ మధ్యలో డిఫరెన్షియల్, దాని రెండు ప్రక్కలా డిస్కులు, డిస్కులను పట్టుకొని కాలిపర్లు ఉంటాయి. డిస్కు దాటిన తరువాత చక్రం వైపు వెళ్ళేది హాఫ్ షాఫ్ట్. ఇది చక్రాన్ని తిప్పుటతో బాటు సస్పెన్షన్‌లో పై చేయిగా కూడా పనిచేస్తుంది. ఒకే కడ్డీతో రెండు పనులు చేయించిన ఈ పొదుపు మెచ్చుకోదగినదే కాని, మరమ్మత్తు చేసేవానికి ఇదే చిక్కు తెస్తుంది. డిస్కును తీయాలంటే హాఫ్ షాఫ్ట్‌ను విడదీయాలి. హాఫ్ షాఫ్ట్‌ను విడదీస్తే ఆ ప్రక్క సస్పెన్షన్ తన ఆధారాన్ని కోల్పోతుంది. కిందివైపు చేయి, ఒక్కొక్క ప్రక్క రెండేసి చొప్పున మొత్తం నాలుగు స్ప్రింగు-డ్యాంపర్ జతలు మిగిలిన ఖాళీని ఆక్రమిస్తాయి.

మొదటి కార్లలో డన్‌లప్ కాలిపర్లు ఉండేవి. వీటిలో సిలిండర్లు విడిగా బిగించబడి, ఒక సన్నని లోహపు గొట్టంతో కలుపబడి ఉంటాయి. 1968లో వచ్చిన రెండవ శ్రేణి కార్లలో గిర్లింగ్ కాలిపర్లు వాడారు. హ్యాండ్ బ్రేకుకు వేరుగా చిన్న కాలిపర్లు ఉంటాయి. ఇవి కేబుల్‌తో పనిచేస్తాయి, ఇదే డిస్కును పట్టుకుంటాయి.

పాడయ్యే తీరు

బ్రేకు వేసినపుడు డిస్కు వేడెక్కుతుంది. మామూలు కారులో ఆ వేడి చక్రం వద్ద గాలికి పోతుంది. ఇ-టైప్‌లో డిస్కు కారు కింద మూలగా ఉన్నందున గాలి తక్కువ. అక్కడి వేడి పక్కనే ఉన్న డిఫరెన్షియల్ ఆయిల్ సీళ్ళకు తగులుతుంది. కొంతకాలానికి సీలు గట్టిపడి నూనె కారుతుంది. ఆ నూనె డిస్కు మీద, ప్యాడ్ల మీద పడితే బ్రేకు పట్టదు. ఒక ప్రక్క మాత్రమే కారితే గట్టిగా బ్రేకు వేసినపుడు కారు ఒకవైపుకు లాగుతుంది. వేగంగా పోయే కారులో ఇది ప్రాణాపాయం.

కాలిపర్‌లోని పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకొనుట రెండవ లోపం. గ్లైకాల్ ఆధారిత బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ళ తరబడి మార్చని ద్రవంలో చేరిన నీరు సిలిండర్లను లోపలి నుండి తింటుంది. ఏడాదిలో ఎక్కువకాలం షెడ్డులో నిలిపి ఉంచే పాత కార్లకు ఈ బాధ మరీ ఎక్కువ. నడిచే కారు కన్నా నిలిచిన కారుకే బ్రేకులు త్వరగా చెడుతాయన్నది ఈ కార్ల యజమానులకు అనుభవంలో ఉన్న విషయం.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. నూనె పడిన ప్యాడ్లను మార్చి, డిస్కును తుడిచి సరిపెట్టుకుంటారు. సీలు మార్చకపోతే కొత్త ప్యాడ్లు కూడా నూనెలో తడుస్తాయి. అయితే సీలు మార్చుటకు డిఫరెన్షియల్ నుండి బయటకు వచ్చే ఇరుసును తీసి, బేరింగుల బిగింపును మళ్ళీ కొలత ప్రకారం కుదర్చాలి. ఇది అలవాటు లేనివారు చేయదగిన పని కాదు.

కేజ్‌ను దించుట

ప్యాడ్లు మాత్రమే మార్చవలసి ఉంటే కారు కింద పడుకొని, ఇరుకుగానైనా, మార్చవచ్చును. డిస్కులు, కాలిపర్లు మార్చుటకు మాత్రం కేజ్ మొత్తాన్ని దించుటే సంస్థ వారి మరమ్మత్తు పుస్తకం చెప్పిన మార్గం. అనుభవజ్ఞులు కొందరు ఒక ప్రక్క డ్యాంపర్లు విప్పి, హబ్బును కిందికి వాల్చి, కేజ్ దించకుండానే డిస్కును బయటకు లాగుతారు. ఈ పద్ధతిలో దించే శ్రమ తప్పుతుంది కాని, వెలుతురు అందని చోట తుప్పుపట్టిన నట్లతో పెనుగులాడవలసి వస్తుంది. రెండు ప్రక్కలా పని ఉన్నపుడు దించుటే మేలు.

ముందుగా కారును ఎత్తి స్టాండ్ల మీద నిలపాలి. స్టాండ్లను కేజ్ కింద పెట్టరాదు, ఎందుకనగా బయటకు రావలసినది అదే. సస్పెన్షన్ ముందు కడ్డీలు శరీరానికి తగిలే చోటుకు కొంచెం ముందుగా, చెక్కముక్కలు అడ్డుపెట్టి శరీరానికి ఆధారం ఇవ్వాలి. ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు వేయాలి. జాకీని మాత్రమే నమ్ముకొని కారు కిందికి దూరుట ఎన్నడూ చేయరాదు.

తరువాత వెనుక చక్రాలు, కేజ్ కిందుగా పోయే సైలెన్సరు గొట్టాలు తీస్తారు. శరీరం నుండి కేజ్‌కు వచ్చే బ్రేకు గొట్టాన్ని విప్పి, రెండు చివరలనూ మూసివేస్తారు. హ్యాండ్ బ్రేకు కేబుల్, యాంటీ రోల్ బార్ లింకులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ అంచులోని నాలుగు బోల్టులు విడదీస్తారు. ముందు కడ్డీల బోల్టులు తీసినంత మాత్రాన ఆ కడ్డీలు ఊడి రావు. శరీరం నుండి పొడుచుకు వచ్చిన మొలకు తుప్పుతో అతుక్కొని ఉంటాయి. చొచ్చుకుపోయే నూనె ఒకటి రెండు రోజుల ముందు నుండే పోస్తూ ఉంటే ఈ చోట శ్రమ తగ్గుతుంది. బలవంతంగా లాగితే మొల చుట్టూ ఉన్న పలుచని రేకు చిరుగుతుంది. అప్పుడు బ్రేకుల పని కాస్తా వెల్డింగు పనిగా మారుతుంది.

చివరగా కేజ్ కింద చక్రాల జాకీని, మధ్యలో చెక్కను ఉంచి, నాలుగు రబ్బరు దిమ్మల బోల్టులు విప్పి మెల్లగా దించుతారు. కేజ్ బరువైనది, జాకీ మీద ఒరిగే స్వభావం కలది. ఇద్దరు మనుషులు తప్పనిసరి.

డిస్కు, కాలిపర్ తీయుట

కేజ్ బయటకు వచ్చిన తరువాత పని సులువుగా సాగుతుంది. డ్యాంపర్లు తీసి, హాఫ్ షాఫ్ట్ లోపలి అంచును పట్టిన నాలుగు నట్లు విప్పుతారు. అంచు విడిపోగానే దానికీ డిస్కుకూ మధ్య పలుచని లోహపు బిళ్ళలు కనిపిస్తాయి. వీటిని షిమ్‌లు అంటారు. ఏ ప్రక్క ఎన్ని ఉన్నాయో అక్కడికక్కడే లెక్కపెట్టి రాసుకోవాలి. వెనుక చక్రం ఎంత వాలుగా నిలవాలో నిర్ణయించేవి ఈ బిళ్ళలే. 0.5 మిల్లీమీటరు మందం గల ఒక షిమ్ చక్రం వాలును సుమారు పావు డిగ్రీ మారుస్తుంది. చక్రం పైభాగం లోపలికి ముప్పావు డిగ్రీ వాలి ఉండుట సంస్థ నిర్ణయించిన కొలత. షిమ్‌లను కలగాపులగం చేసినవారు బ్రేకులు బాగుచేసుకొని టైర్లను పాడుచేసుకుంటారు.

కాలిపర్‌ను పట్టిన రెండు బోల్టులు డిస్కు చాటున ఉంటాయి. డిస్కులో ఇందుకే రంధ్రాలు ఉంచారు. డిస్కును చేతితో తిప్పి రంధ్రాన్ని బోల్టుకు ఎదురుగా తెచ్చి, అందులో నుండి స్పానర్ దూర్చి విప్పాలి. ఆ బోల్టులు వదులు కాకుండా తీగతో కట్టి ఉంటాయి. తిరిగి బిగించునపుడు కొత్త తీగ వేసి, బోల్టు బిగుసుకునే దిశలో లాగేటట్లు మెలిపెట్టాలి. కొత్త డిస్కు కాలిపర్ నడుమ మధ్యగా తిరుగుతున్నదో లేదో చూచుకొనిన తరువాతనే మిగిలిన భాగాలు అమర్చాలి.

కేజ్ ఒకసారి దిగిన తరువాత రబ్బరు దిమ్మలు, ఆయిల్ సీళ్ళు, హాఫ్ షాఫ్ట్ కీళ్ళు, బ్రేకు గొట్టాలు పరీక్షించి మార్చుట ఆచారం. ఖర్చు పెరిగినా, రెండవసారి దించే కూలితో పోలిస్తే ఇది తక్కువే.

గాలి తీయుట

కేజ్ తిరిగి ఎక్కించిన తరువాత గొట్టాలలో చిక్కిన గాలిని తీసివేయాలి. గాలి మిగిలితే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. వెనుక కాలిపర్ల గాలిమరలు చేతికి అందని చోట ఉంటాయి కనుక, కొందరు యజమానులు సన్నని గొట్టాలతో వాటిని అందుబాటులోకి పొడిగించుకుంటారు. తేమ భయంతో సిలికాన్ ద్రవానికి మారేవారు కూడా ఉన్నారు. ఈ రెండు ద్రవాలను కలుపరాదు. గ్లైకాల్ ద్రవం కారు రంగును లేపివేస్తుందని గుర్తుంచుకోవాలి.

పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. బ్రిటన్ 1999లో తెల్ల ఆస్బెస్టాస్‌ను నిషేధించింది. దశాబ్దాలుగా విప్పని కారులో ఆ నాటి ప్యాడ్లే ఉండవచ్చును గనుక, లోపలి పొడిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి.

పని పూర్తయ్యాక ఖాళీ స్థలంలో తక్కువ వేగంతో కారు నడిపి, బ్రేకు సూటిగా పడుతున్నదా, హ్యాండ్ బ్రేకు నిలుపుతున్నదా అని చూచి, కారు చల్లారాక డిస్కుల వద్ద నూనె తడి, ద్రవపు చుక్కలు లేవని కింద నుండి మరొకసారి పరీక్షిస్తారు.

తరువాతి కాలం

1986లో వచ్చిన కొత్త ఎక్స్‌జె6లో జాగ్వార్ వెనుక బ్రేకులను చక్రాల వద్దకు తరలించింది. ఎక్స్‌జె-ఎస్ కారులో ఈ మార్పు 1993లో జరిగింది. 2008లో జాగ్వార్ సంస్థ భారతదేశానికి చెందిన టాటా మోటార్స్ యాజమాన్యంలోకి వచ్చింది.