సింగపూర్ ఫిరంగులు: నిజంగానే తప్పు దిక్కుకు తిరిగి ఉన్నాయా? 1942లో అసలేం జరిగింది?

బ్రిటిష్ వాళ్లు ఫిరంగులన్నీ సముద్రం వైపు పెట్టారు.. జపాన్ సైన్యం వెనక నుంచి వచ్చేసింది! సింగపూర్ పతనం గురించి ఎక్కువగా వినిపించే కథ ఇదే. కానీ ఇందులో నిజం సగమే.

5 భారీ ఫిరంగులు

సింగపూర్ ద్వీపం ఉత్తర తీరంలో బ్రిటన్ పెద్ద నౌకా స్థావరం కట్టింది. 1938లో ప్రారంభమైంది. ఈ స్థావరానికీ, దక్షిణాన ఉన్న కెప్పెల్ హార్బర్‌కీ కాపలాగా తీరం వెంట ఫిరంగులు ఏర్పాటు చేసింది. వీటిలో అన్నిటికంటే పెద్దవి 15 అంగుళాలవి. తూర్పున చాంగి దగ్గర జోహోర్ బ్యాటరీలో మూడు, నైరుతిలో బ్యూనా విస్టా బ్యాటరీలో రెండు ఉండేవి. ఒక్కో గుండు బరువు 800 కిలోల పైమాటే. 30 కిలోమీటర్లకు పైగా దూరంలోని యుద్ధనౌకను కూడా కొట్టగలవు. పక్కనే ఉన్న జోహోర్ సుల్తాన్ 1935లో బ్రిటన్ రాజుకు ఇచ్చిన 5 లక్షల పౌండ్ల కానుకలో కొంత వీటికి ఖర్చు చేశారు. అందుకే ఆ పేరు.

శత్రువు నేల మీద నుంచి వచ్చాడు

1941 డిసెంబర్ 8న జపాన్ సైన్యం మలయాలోని కోటా భారులో దిగింది. అక్కడి నుంచి దక్షిణానికి దూసుకొచ్చి, 1942 ఫిబ్రవరి 8 రాత్రి జలసంధి దాటి సింగపూర్ వాయవ్య తీరానికి చేరింది. అటువైపు చెప్పుకోదగ్గ శాశ్వత కోటలేవీ లేవు.

మరి ఫిరంగులు ఏం చేశాయి?

కాల్చాయి! బ్యూనా విస్టా ఫిరంగులు ఉత్తరం వైపు తిరగలేకపోయాయి. కానీ జోహోర్ బ్యాటరీ ఫిరంగులు వెనక్కి తిరిగి జోహోర్ బారు, బుకిట్ తిమా వైపు గుండ్లు కురిపించాయి. అసలు సమస్య దిక్కు కాదు, గుండ్లు. వాటి దగ్గర ఉన్నవి నౌకల ఉక్కు కవచాన్ని చీల్చేందుకు తయారైన గుండ్లు. అవి మెత్తటి నేలలో లోతుగా దిగబడి పేలేవి. దాంతో పైన ఉన్న సైనికులకు పెద్దగా నష్టం జరగలేదు. పైగా ఆకాశం జపాన్ చేతిలో ఉంది. గుండు ఎక్కడ పడిందో చూసి గురి సరిచేసే అవకాశం దాదాపు లేకుండా పోయింది.

శత్రువుకు దక్కకూడదని చివరికి ఆ భారీ ఫిరంగులను బ్రిటిష్ సైనికులే పేల్చేశారు. నగరానికి నీళ్లు కూడా కరవయ్యాయి. ఫిబ్రవరి 15న ఫోర్డ్ ఫ్యాక్టరీలో జనరల్ పెర్సివల్ జపాన్ జనరల్ యమషితాకు లొంగిపోయారు.

మనకేంటి సంబంధం?

లొంగిపోయిన సైన్యంలో దాదాపు సగం మంది భారతీయులే. రెండు రోజుల తర్వాత వాళ్లను ఫారర్ పార్క్‌లో సమావేశపరిచారు. కెప్టెన్ మోహన్ సింగ్ ఆధ్వర్యంలో ఆజాద్ హింద్ ఫౌజ్‌కు పునాది పడింది అక్కడే. 1943లో నేతాజీ వచ్చి ఆ ఫౌజ్ పగ్గాలు అందుకున్నారు. అందులో చేరని వేల మంది మాత్రం యుద్ధఖైదీలుగా నరకం చూశారు.

ఒక్క మాట మాత్రం చెప్పాలి. జపాన్ సముద్రం వైపు నుంచి సింగపూర్‌పై దాడికి దిగలేదు. అంటే హార్బర్ ముందు ఫిరంగులు తమ పని తాము చేశాయి. వెనక తలుపుకు గడియ పెట్టడమే బ్రిటన్ మర్చిపోయింది.

ఇప్పుడు చూడొచ్చా?

చూడొచ్చు. జోహోర్ బ్యాటరీ సొరంగాలు 1991లో మళ్లీ బయటపడ్డాయి. అక్కడ ఇప్పుడు నమూనా ఫిరంగి ఉంది. మనవాళ్లు సింగపూర్ టూర్‌లో తప్పకుండా వెళ్లే సెంటోసాలో, ఫోర్ట్ సిలోసో దగ్గర కూడా నాటి తీర ఫిరంగి స్థావరం చూడొచ్చు.