వాగాజ్ఞలు – యంత్రశ్రవణము : దోషాన్వేషణ చరిత్ర

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోట నుండి 1979 ఆగస్టు 10వ తేదీన ప్రయోగింపబడిన ఎస్.ఎల్.వి.-3 సముద్రమున గూలినది. శాస్త్రజ్ఞులు ఆ వైఫల్యమునకు కారణము వెదకుచు బోయి, రెండవ దశ నియంత్రణ వ్యవస్థలోని కవాటమున దోషమును గుర్తించిరి. 1980 జూలై 18న ఆ జాతి రాకెట్టే రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపినది. కార్యము చెడినపుడు ఏ యంగమున లోపమున్నదో విడదీసి చూచు ఈ పద్ధతి, మాటతో నడచు కంప్యూటరునకును వర్తించును. అచ్చట పరీక్షింపవలసిన తావులు మూడు: ధ్వని, పదావళి, ఉచ్చారణము.

యంత్రశ్రవణ పరిశోధనమునకు ఆద్యులలో నొకరు తెలుగువారే. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంత వ్యాసమున వాక్తరంగమునే నేరుగా విశ్లేషించు మార్గమును ప్రతిపాదించిరి. 1994లో వీరికి ట్యూరింగ్ పురస్కారము లభించినది. తరంగమే వికృతమైనచో తక్కిన విద్య యంతయు వ్యర్థమను సత్యమునకు 2006 జూలై నాటి విండోస్ విస్టా ప్రదర్శనము నిదర్శనము. వక్త తల్లిని సంబోధింపగా యంత్రము పినతల్లిని సంబోధించినట్లు వ్రాసినది. సభ నవ్వినది. మైక్రోఫోను ధ్వనిని హెచ్చించు భాగమున దొర్లిన లోపమే దానికి కారణమని తరువాత తేలినది.

రెండవది పదావళి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాజ్ రెడ్డిగారి బృందము నిర్మించిన హియర్సే, 1973 నాటికి చదరంగపు ఎత్తులను మాటద్వారా గ్రహించెను. ఆ స్థితిలో న్యాయమైన ఎత్తులేవో తెలియుటచే దాని ఊహ సులభమైనది. 1976 నాటి హార్పీ 1011 పదముల నెరిగినది. నేటి కంప్యూటరున గూడ, నిర్ణీతమైన ఆజ్ఞకు మారుగ పర్యాయపదమును పలికినచో కార్యము నెరవేరకపోవచ్చును.

మూడవది ఉచ్చారణము. 1988 నాటి స్ఫింక్స్, వక్త యెవరైనను గ్రహించు శక్తిని సాధించినది. కాని ఆ శక్తి, యంత్రమునకు ముందుగా వినిపించిన కంఠముల పరిధికి లోబడినదే. 2007లో వెలువడిన విస్టా వాగ్గ్రహణమున తెలుగునకు చోటు లేదు. గూగుల్ సంస్థ మాటను లిపిగా మార్చు సౌకర్యమును తెలుగునకు కల్పించినది 2017లో.

కావున పరీక్షాక్రమము స్పష్టము. ముందుగా మన మాటను యంత్రముననే ముద్రించి వినవలెను. సముద్రపు గాలి హోరులో మన చెవికే అది తెలియనిచో దోషము ధ్వనిది. ధ్వని స్వచ్ఛమైనచో, ఎంచుకొన్న భాషను సరిచూచి, ఆ యాజ్ఞను పలువురచే పలికింపవలెను. అందరికిని విఫలమైనచో పదావళిని శంకింపవలెను. కొందరికే విఫలమైనచో ఉచ్చారణమును పరిశీలింపవలెను.

ఈ కడపటి సందర్భముననే తెలుగు శాఖల బాధ్యత గలదు. నెల్లూరు సీమ దక్షిణ మాండలికమునకు చేరినది. ‘ఉన్నది’ యనుటకు ‘ఉండాది’ యను వారు ఈ ప్రాంతమున గలరు. యంత్రము అట్టి రూపమును గ్రహింపనిచో దానిని వక్త దోషముగ నెంచి, అతని నాలుకను దిద్దబూనుట అశాస్త్రీయము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశము వ్యవసాయ పదములను జనుల నోటనుండియే సేకరించినది. ఆ విధముగనే శ్రీహరికోట పరిసరములందలి జాలరుల, యానాదుల కంఠములను వారి సమ్మతితో ముద్రించుట నేటి పరిశోధకుల కర్తవ్యము. కవాటమును దిద్దిన పిమ్మటనే రాకెట్టు కక్ష్యను చేరినది; యంత్రపు చెవిని దిద్దిన పిమ్మటనే సామాన్యుని మాట దానికి ఆజ్ఞ కాగలదు.