స్టూల్ టెస్ట్: నెలైనా మోషన్స్ ఆగట్లేదా? మళ్లీ మాత్ర వేసుకునే ముందు ఇది తెలుసుకోండి..

రెండు రోజులు కడుపు చెడితే మజ్జిగన్నం, ఓఆర్ఎస్‌తో సర్దుకుంటుంది. కానీ నాలుగు వారాలు దాటినా విరేచనాలు ఆగకపోతే దాన్ని డాక్టర్లు క్రానిక్ డయేరియా అంటారు. ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ వాడేస్తారు. ఆ తర్వాత టెస్టుకి వెళ్తే అసలు క్రిమి దొరక్కపోవచ్చు. పైగా ఆ మందుల వల్లే సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెరిగి మోషన్స్ పట్టుకోవచ్చు. దానికి టాక్సిన్ టెస్ట్ వేరే ఉంటుంది. అందుకే ఏ మందులు వాడారో డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి.

మామూలు స్టూల్ టెస్టులో చీము కణాలు, రక్త కణాలు, జియార్డియా, అమీబా లాంటి పరాన్నజీవులు ఉన్నాయేమో మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఇవి రోజూ మలంలో బయటపడవు. అందుకే వేర్వేరు రోజుల్లో మూడు శాంపిల్స్ అడుగుతారు.. డబ్బుల కోసం కాదు! ఇంకో తిరకాసు కూడా ఉంది. రోగం తెచ్చే అమీబా, హాని చేయని అమీబా మైక్రోస్కోప్‌లో ఒకేలా కనిపిస్తాయి. తేడా తేలాలంటే యాంటిజెన్ లేదా పీసీఆర్ టెస్ట్ చేయాలి.

క్రిమి ఏదీ లేదని తేలితే? అప్పుడు పనికొచ్చేది కాల్‌ప్రొటెక్టిన్ టెస్ట్. పేగుల్లో వాపు ఉంటే ఈ ప్రొటీన్ మలంలో పెరుగుతుంది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే వాపు ఉండే అవకాశం తక్కువ, ఐబీఎస్ కావొచ్చు. బాగా పెరిగితే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనుమానంతో కొలనోస్కోపీ చెప్తారు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ఇన్ఫెక్షన్ల వల్ల కూడా ఇది పెరుగుతుంది. కాబట్టి రిపోర్టులో నంబర్ చూసి కంగారు పడొద్దు.

మలం జిడ్డుగా, నీళ్లపై తేలుతూ ఉంటే ఎలాస్టేజ్ టెస్టుతో పాంక్రియాస్ పనితీరు చూస్తారు. అన్నీ మలంలోనే తేలవు. థైరాయిడ్, గోధుమలు పడని సీలియాక్ జబ్బుకి రక్త పరీక్షే మొదలు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్‌తోనూ కొందరికి మోషన్స్ అవుతాయి.

శాంపిల్ ఇవ్వాలంటే చాలామందికి మొహమాటం. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే, మూత్రం, టాయిలెట్ నీళ్లు కలవకుండా తీయాలి. జిగురు, రక్తం ఉన్న భాగం తప్పకుండా ఉండాలి. రాత్రి తీసి పొద్దున ఇస్తామంటే కుదరదు. మైక్రోస్కోప్ పరీక్షకైతే వీలైనంత త్వరగా, గంట రెండు గంటల్లోపే అందించాలి.

మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, నిద్రలోంచి లేచి బాత్రూమ్‌కి పరిగెత్తడం.. వీటిలో ఏ ఒక్కటున్నా రిపోర్టుల కోసం ఆగొద్దు, వెంటనే డాక్టర్‌ని కలవండి.