మిద్దెకు వచ్చిన విలువ

వేసవికాలమున రాత్రి భోజనములైన పిమ్మట మిద్దెమీద నీళ్లు చల్లి, చాపలు పరచుకొని, చుక్కలను చూచుచు నిద్రపోవుట తెలుగునాట అనేక కుటుంబములకు అలవాటు. రాయలసీమవారు మిద్దె అన్నను, కోస్తా జిల్లాలవారు డాబా అన్నను ప్రయోజనము ఒక్కటియే. పగలు అక్కడ వడియములెండును, మిరపకాయలెండును, బట్టలారును. సాయంకాలము పిట్టగోడ కానుకొని ఇరుగుపొరుగువారు ముచ్చటించుకొందురు. ఇన్ని విధముల ఉపయోగపడెడి ఆ స్థలమునకు వేరుగా అద్దె అడుగుట ఎవరికిని తోచలేదు. పెరటిలోని బావివలె, వీధి అరుగువలె అది ఇంటితోపాటు వచ్చెడి వసతి.

నేడు హైదరాబాదు పడమటి భాగమున లేచుచున్న బహుళాంతస్తుల భవనముల ప్రకటనలను చదివినచో వేరొక ధోరణి కనబడును. మిద్దెమీద ఈతకొలను, మిద్దెమీద తోట, వ్యాయామశాల, నడకదారి, విందులకు వేదిక. పడకగదుల సంఖ్యతో సమానముగా ఈ వసతుల పేర్లును పెద్ద అక్షరములలో నిలుచుచున్నవి. ఊరక వచ్చెడి మిద్దె అద్దెను పెంచెడి వస్తువుగా ఎట్లు మారినది? ఆ మార్పువలన లాభపడినవారెవరు, పోగొట్టుకొన్నవారెవరు? ఈ కథ మన ఊళ్లలో మొదలు కాలేదు. దాని మూలములు రోము, పారిస్, న్యూయార్కు నగరముల అద్దె ఇండ్లలో ఉన్నవి.

సుమారు రెండువేల సంవత్సరముల క్రితము రోము నగరమున ధనికులు సొంత భవనములలో నివసించిరి. జనసామాన్యములో అధికభాగము ఇన్సులా అనబడెడి అద్దె మేడలలో కాపురముండెను. ఆ మేడలలో క్రింది అంతస్తు ఖరీదైనది, పై అంతస్తు చౌకయైనది. పైకి పోవుకొలది గదులు చిన్నవగును, మెట్లు పెరుగును, నీరు అందదు. క్రింద నిప్పంటుకొన్నచో పైనున్నవారికి తప్పించుకొను దారి లేదు. కప్పు పెంకుల క్రింద పావురములతో పాటు బ్రదుకు పేదవాని గతిని జువెనల్ కవి ఎత్తిపొడుపుగా వర్ణించెను. మార్షియల్ కవి తన గదికి చేరుటకు మూడు వరుసల మెట్లెక్కవలసి యుండెనని చెప్పుకొనెను. కూలిపోవుటలును, అగ్నిప్రమాదములును మితిమీరినందున అగస్టస్ చక్రవర్తి మేడల ఎత్తును 70 అడుగులకు పరిమితము చేసెను. తరువాత ట్రాజన్ చక్రవర్తి దానిని 60 అడుగులకు తగ్గించెను. అనగా, నాటి ప్రభుత్వము దృష్టిలో మేడపై భాగము ఒక ప్రమాదస్థలమేగాని, వైభవస్థానము కాదు.

పదునెనిమిది వందల ఏండ్లు గడచినను ఈ లెక్క మారలేదు. 1853లో హౌస్‌మన్ అను అధికారి పారిస్ పునర్నిర్మాణమునకు పూనుకొనెను. అప్పుడు వెలసిన అద్దె భవనములు ఒక్కొక్కటియు సంఘమునకు నిలువుగా గీసిన పటమువలె ఉండెను. నేలమట్టమున దుకాణములు. దానిపై రెండవ అంతస్తున ఎత్తైన గదులు, ఇనుప కమ్ములల్లిన వసారా, అది సంపన్నులది. పైకి వెళ్లినకొలది గదుల ఎత్తు తగ్గును, అద్దెయు తగ్గును. ఆరవ అంతస్తున, రేకు కప్పుక్రింద, పనిమనుషుల ఇరుకు గదులు. వారు ఎక్కుటకు వెనుక వైపున వేరే మెట్లు. ఎండకాలమున కాగుచు, చలికాలమున వణకుచు ఆ గదులలో పల్లెల నుండి వచ్చిన పడుచులు జీవించిరి. ఇక్కడ అద్దెను నిర్ణయించినది గది అందము మాత్రమే కాదు, కాళ్ల శ్రమ. ఎక్కవలసిన ప్రతి మెట్టును అద్దె నుండి కొంత తగ్గించుచుండెను.

ఈ లెక్కను తలక్రిందులు చేసినవి రెండు సాధనములు. మొదటిది లిఫ్టు. 1854వ సంవత్సరమున న్యూయార్కు ప్రదర్శనశాలలో ఎలీషా ఓటిస్ ఎత్తున వ్రేలాడుచున్న వేదికమీద తానే నిలిచి, దానిని మోయు త్రాటిని కోయించెను. వేదిక కొద్దిగా జారి, రక్షణ పట్టీలలో చిక్కి ఆగిపోయెను. 1857లో బ్రాడ్వే వీధిలోని ఒక అయిదంతస్తుల దుకాణమున ప్రయాణికుల లిఫ్టు పనిచేయ మొదలిడెను. రెండవ సాధనము నీటి పంపు. న్యూయార్కు గొట్టములలోని నీరు తన ఒత్తిడితో ఇంచుమించు ఆరంతస్తుల వరకే ఎక్కెడిది. పంపులును, కప్పుపై కొయ్య తొట్లును వచ్చిన పిదప నీరు ఎంత ఎత్తునకైనను చేరెను. మెట్లబాధయు, నీటికొరతయు తొలగినప్పుడు ఎత్తులో మిగిలినవి గాలి, వెలుతురు, దూరదృశ్యము, వీధి సందడి లేని ప్రశాంతత. అవి ధనము గలవారు కోరుకొను వస్తువులే.

అయినను యంత్రము వచ్చిన వెంటనే మనసు మారలేదు. 1884లో పూర్తియైన డకోటా అను భవనము న్యూయార్కులో సంపన్నులకై కట్టిన అద్దె గృహములలో ప్రసిద్ధమైనది. ఎడ్వర్డు క్లార్కు దానిని కట్టించెను. లిఫ్టులు ఉన్నవి, విశాలమైన గదులు ఉన్నవి. కాని పై అంతస్తులను చాకిరేవునకును, బట్టలారవేయుటకును, పనివారి నివాసమునకును కేటాయించిరి. పెద్దలు క్రింద, పనివారు పైన అను పారిస్ సంప్రదాయము ఇంకను తీరలేదు.

అదే నగరమున పేదలకు కప్పు ప్రాణాధారము. 1896 ఆగస్టులో న్యూయార్కును దారుణమైన వడగాలి పట్టి పీడించెను. ఇరుకు అద్దె గదులలో ఊపిరాడక వేలాది కుటుంబములు కప్పులమీదికి ఎక్కి పడుకొనెను. నిద్రలో దొర్లి క్రింద పడి మరణించినవారు కూడ కలరు. ఆ పది దినములలో మొత్తము వెయ్యిమందికి పైగా చనిపోయిరి. నాడు పోలీసు కమిషనర్లలో నొకడైన థియోడర్ రూజ్వెల్టు పేదలకు మంచుగడ్డలు పంచిపెట్టించెను. మన మిద్దె నిద్రకును వారి మిద్దె నిద్రకును భేదమిదియే: మనము సుఖము కొఱకు ఎక్కితిమి, వారు బ్రదుకు కొఱకు ఎక్కిరి. మన మిద్దెకు పిట్టగోడ ఉండును; అక్కడ పడుకొనుటకై కట్టిన కప్పు కాదు గనుక అట్టి రక్షణ అంతటను లేదు.

ఎనిమిదేండ్లు గడచినవి. 1904లో అదే నగరమున అన్సోనియా అను పదునేడంతస్తుల నివాస హోటలు పూర్తియైనది. దానిని కట్టించిన స్టోక్సు దొర కప్పుమీద ఒక చిన్న పొలమునే నడిపెను. వందలకొలది కోళ్లు, బాతులు, మేకలు, ఒక చిన్న ఎలుగుబంటి కూడ అక్కడ పెరిగినవి. అద్దెకున్నవారికి తాజా గ్రుడ్లు అందుచుండెను. 1907లో నగర ఆరోగ్యశాఖ దానిని మూయించెను. నవ్వు పుట్టించు కథయేగాని, అందులో ఒక క్రొత్త ఆలోచన ఉన్నది. కప్పుమీది వసతి క్రిందనున్న అందరికిని చెందినది. దానిని చూపి కాపురముండువారిని ఆకర్షింపవచ్చును.

కప్పు నిజముగా కిరీటమైనది 1920 తరువాత. 1916 నాటి నిర్మాణ నిబంధనల ప్రకారము న్యూయార్కు భవనములు కొంత ఎత్తు దాటిన పిమ్మట మెట్లుమెట్లుగా వెనుకకు జరుగవలసి వచ్చెను. వీధిలోనికి వెలుతురు రావలెనన్నదే ఆ నియమము ఉద్దేశము. కాని వెనుకకు జరిగిన ప్రతి చోటను ఒక ఆరుబయలు వసారా మిగిలెను. దాని విలువ యజమానులు కనిపెట్టిరి. 1040 పార్కు ఎవెన్యూ అను భవనమున కప్పుమీద పనివారి గదులు ఉండునట్లు మొదట ఏర్పాటు చేసిరి. ప్రణాళిక మార్చి, ఆ స్థలమును పత్రికాధిపతి కాండే నాస్టు నివాసముగా చేసిరి. 1925లో ఆయన అక్కడ ఇచ్చిన విందులు నగరమంతట చర్చనీయాంశములయ్యెను. పెంట్‌హౌస్ అను మాటకు పూర్వము వాలుకప్పు కొట్టము అని అర్థము. అప్పటినుండి అదియే ఐశ్వర్య చిహ్నమైనది. ఒకే కప్పు, ఒకే గాలి. పనివారు దిగిపోయిరి, ప్రభువు ఎక్కెను.

ఐతే వసతి మాత్రమే గిరాకీని సృష్టింపగలదా? అట్లు కాదని చరిత్రయే చెప్పినది. 1930లో జంట గోపురములతో శాన్ రెమో భవనము సెంట్రల్ పార్కు ఒడ్డున లేచెను. అంతలో ఆర్థికమాంద్యము వచ్చెను. అద్దె చెల్లింపగలవారే కరువైనప్పుడు గోపురమేమి చేయగలదు? 1940లో ఆ భవనమును, దాని పొరుగునున్న బెరెస్ఫర్డు భవనమును కలిపి, ఉన్న తాకట్టు అప్పులపై కేవలము 25,000 డాలర్లు అదనముగా చెల్లించి కొనిరి. సంపాదన ఉన్నచో మిద్దె దానిని తనవైపు లాగగలదు. లేని సంపాదనను అది పుట్టింపలేదు.

ఇక మిద్దె అద్దెను పెంచు విధమును కొంచెము పరిశీలింతము. ఒకడే అనుభవించు పెంట్‌హౌస్ అద్దెను ఆ ఒక్కడే చెల్లించును. అందరికిని ఉమ్మడియైన తోటకో, కొలనుకో అయిన వ్యయము మాత్రము ప్రతి ఇంటి అద్దెలో కొంచెము కొంచెముగా కలియును. ఇంతకంటె ముఖ్యమైన లాభము మరియొకటి కలదు. అది ఇల్లు ఖాళీగా నుండు దినములు తగ్గుట. ఊహకు ఒక లెక్క వేయుదము. నెలకు 50,000 రూపాయల అద్దె గల ఇల్లు ఏడాదిలో ఒక్క నెల ఖాళీగా నున్నచో వచ్చునది 5,50,000 రూపాయలు. ఆ నష్టము పూడవలెనన్నచో మిగిలిన పదునొకండు నెలలును అద్దెను నూటికి తొమ్మిది వంతున పెంచవలెను. కావున మిద్దె తోటను చూచి కాపురము త్వరగా కుదిరినను, ఉన్నవారు ఖాళీ చేయుట మానినను, అద్దె పైసా పెరుగకయే యజమానికి లాభము.

ఈ లాభమునకు రెండు హద్దులు కలవు. పొరుగు భవనములన్నియు కొలనులు కట్టిన నాడు కొలను ప్రత్యేకత కాదు, సాధారణ అవసరము. అప్పుడు అదనపు అద్దె కరగిపోవును, నిర్వహణ వ్యయము మాత్రము నిలుచును. రెండవది బరువు. ఒక ఘనమీటరు నీరు వెయ్యి కిలోలు తూగును. నాలుగడుగుల లోతు కొలను ప్రతి చదరపు మీటరుపై సుమారు 1,200 కిలోల భారము వేయును. నివాసపు గది నేలను మన ప్రమాణముల ప్రకారము సుమారు 200 కిలోల వాడుక భారమునకు లెక్కించెదరు. ఆరు రెట్ల ఈ భారమును పునాది నుండియే ఆలోచింపవలెను. కట్టి ముగిసిన పాత మేడపై తరువాత కొలను పెట్టుట ప్రాణములతో చెలగాటము.

మిద్దె సుఖము ధనికులకే తగినదా? కాదని నిరూపించిన ఉదాహరణములు కలవు. యుద్ధమున ఇండ్లు కోల్పోయిన ప్రజలకొఱకు ఫ్రెంచి ప్రభుత్వము మార్సే నగరమున 337 ఇండ్ల భవనము ఒకటి కట్టించెను. దాని శిల్పి లె కార్బూజియే. 1952లో ప్రారంభమైన ఆ భవనపు కప్పుమీద శిశుపాఠశాల, వ్యాయామశాల, పిల్లల నీటికొలను, పరుగుబాట అమర్చిరి. సింగపూరులో 2009లో పూర్తియైన పినకిల్ డక్స్‌టన్ ప్రభుత్వ గృహవసతి. ఏడు భవనములు, ఏబది అంతస్తులు, 1,848 ఇండ్లు. ఇరువదియారవ అంతస్తునను, ఏబదియవ అంతస్తునను భవనములన్నిటిని కలుపుచు ఆకాశవనములు సాగుచున్నవి. ఇతరులు కూడ స్వల్ప రుసుముతో, పరిమిత సంఖ్యలో పైకి వెళ్లునట్లు ఏర్పాటు చేసిరి.

దీనికి విరుద్ధమైన ఉదాహరణము 2010 తరువాతి న్యూయార్కు. ఒకే భవనమున నియంత్రిత అద్దెకున్నవారికి మిద్దె తోట, వ్యాయామశాల నిషిద్ధములైన సందర్భములు వచ్చినవి. కొన్నిచోట్ల తక్కువ అద్దెవారికి వేరే ద్వారము కూడ పెట్టిరి. పారిస్ వెనుక మెట్లు మరల మొలచినట్లైనది. ప్రజల నిరసన ఫలితముగా, పన్ను రాయితీ పొందెడి భవనములలో ద్వారము అందరికిని ఒక్కటియే యుండవలెనని 2015లో చట్టము చేసిరి.

మన దేశమున 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టము భవనపు మిద్దెలను ఉమ్మడి స్థలముల జాబితాలో చేర్చినది. ఆంధ్రప్రదేశమునకును, తెలంగాణమునకును ఆ చట్టము వర్తించును. కాని మన నగరములలోని అనేక అపార్టుమెంటులలో మిద్దె తలుపునకు తాళము వ్రేలాడును. కొన్నిచోట్ల ఉమ్మడి మిద్దెపై అనుమతి లేని పెంట్‌హౌసులు లేచినవి. అద్దెకున్న గృహిణి వడియములు పెట్టుకొనుటకు వాచ్‌మన్‌ను బ్రతిమాలవలసిన స్థితి కొత్త కాదు. అద్దె పత్రము వ్రాయించుకొనునప్పుడు గదులు, నీరు, కరెంటులతో పాటు మిద్దెను గూర్చియు ఒక వాక్యము చేర్చుకొనుట వివేకము. ఏ వసతిని చూపి అద్దె అడిగిరో ఆ వసతి పత్రములో ఉండవలెను.

రోము పేదవానిని పైకి తరిమినది మెట్లబాధ. లిఫ్టు ఆ బాధను తొలగించి మిద్దెకు విలువ తెచ్చినది. ఆ విలువ పెరిగినకొలది, పూర్వము అక్కడ బట్టలారవేసినవారు, ఉక్కకు నిద్రించినవారు క్రిందికి దిగవలసి వచ్చినది. గాలికిని, వెన్నెలకును ఎవడును పెట్టుబడి పెట్టలేదు. అద్దె వసూలగునది వాటి వద్దకు పోవు దారికే. ఆ దారి తాళము చెవి ఒక్కరి చేతిలో నుండక అందరి అందుబాటులో నున్ననాడు, ముప్పది అంతస్తుల మేడమీద గూడ మన పాత మిద్దె చల్లదనము దొరకును.