ఎండ లేని ఊళ్లో తాండ్ర

నిన్న ఆదివారం డబ్బా మామిడి గుజ్జుని పళ్లెంలో పలచగా పరిచి, ఓవెన్ లో 70 డిగ్రీల దగ్గర ఏడు గంటలుంచాను. వచ్చింది ఒక్క పొర! ఆత్రేయపురంలో చాపల మీద గుజ్జు పూసి, అది ఎండాక మళ్లీ పూసి, రోజుల తరబడి పొర మీద పొర వేసే వాళ్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

ఎండే లేని ఇంగ్లండులో తాండ్రేమిటి అంటారా? ఇక్కడా దాని చుట్టం ఒకటుండేది. 1524లో ఎక్సెటర్ కి చెందిన హల్ అనే ఆయన ఎనిమిదో హెన్రీ రాజుకి పెట్టెడు మార్మలేడ్ కానుకిచ్చాడు. ఆ రోజుల్లో మార్మలేడ్ అంటే రొట్టెకి రాసుకునే నారింజ జామ్ కాదు. క్విన్స్ పళ్ల గుజ్జుని పంచదారతో గట్టిపడేదాకా ఉడికించి, ముక్కలు కోసుకు తినేవారు. క్విన్స్ ని పోర్చుగీసులో మార్మెలో అంటారు, ఆ పేరు అలా వచ్చింది. నారింజతో పలచగా చేసి, పొద్దున్నే రొట్టెకి రాసుకోవడం 18వ శతాబ్దంలో స్కాట్లండు వాళ్లు అలవాటు చేశారు. అంటే పేరు మిగిలింది, ముక్క పోయింది.

మా వాడు ఆ ఒక్క పొరా చప్పరిస్తూ "మ్యాంగో లెదర్ బావుంది నాన్నా" అన్నాడు. మా ఇంట్లో ముక్క మిగిలి పేరు పోయేట్టుంది!

"తాండ్ర అనరా" అన్నాను. రెండో పొర వచ్చే ఆదివారం.