కృష్ణా డెల్టాలో చమురు పరాధీనత

చమురు వెల పెరిగినదన్న వార్త వచ్చినప్పుడెల్ల మన గృహస్థులు దానిని అనావృష్టివలెనో తుపానువలెనో దైవికమైన ఆపదగా నెంచి, నిట్టూర్చి యూరకుందురు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల చరిత్రను కొంచెము తిరుగవేసి చూచినచో ఈ భావము సరికాదని తోచును. నూటయేబది యేండ్ల క్రిందట ఈ సీమలో దూరదేశపు చమురు లేనిదే జరుగని పని యొక్కటియు లేకుండెను. దీపము, ప్రయాణము, సేద్యము, వంట అను నాలుగును ఒకదాని వెంట నొకటి దానికి లోబడినవి. ప్రతి పర్యాయమును చమురు చౌకగానే గడప దొక్కినది. పాతసాధనము మూలబడిన పిమ్మటనే దాని నిజమైన వెల మనకు తెలియవచ్చినది. ఈ క్రమము నెఱిగినగాని నేటి మధ్యతరగతి సంసారముల యిబ్బందికి మూలము బోధపడదు.

మొదటిది దీపము. పూర్వము మన యిండ్ల గూళ్లలో వెలిగినది ఆముదపు దీపము. గింజ మన మెట్టచేలలో పండెడిది. చమురు ఇంటి పొయ్యిమీదనో గ్రామపు గానుగలోనో దిగెడిది. ఆ వెలుతురు కొద్దిపాటిది. దాని చెంత భోజనము చేయవచ్చును గాని గ్రంథము చదువుట కన్నులకు శ్రమ. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు డ్రేకు అనునతడు నూనెబావి త్రవ్వించిన తరువాత ఒక తరము గడచునంతలో కిరసనాయిలు మన రేవులకు దిగనారంభించెను. అమెరికా నూనెకు పోటీగా కాస్పియన్ సముద్రతీరమునందలి బాకూ నూనె వచ్చెను. 1886లో బర్మా ఆయిలు కంపెనీ స్థాపితమయ్యెను. 1892లో మ్యూరెక్సు అను ఓడ, డబ్బాలు లేకయే తన కడుపునిండ కిరసనాయిలు నింపుకొని సూయెజు కాలువను దాటి ప్రాచ్యదేశములకు రాగా, రవాణా ఖర్చు మఱింత తగ్గెను. చౌకయు ప్రకాశమును గల ఈ క్రొత్త దీపము ముందు ఆముదపు ప్రమిద నిలువలేకపోయెను. నూనె వచ్చిన నాలుగు గాలన్ల రేకుడబ్బాయు వ్యర్థము కాలేదు. అది నీళ్లు తోడు బొక్కెనయై, బియ్యము దాచు పాత్రయై, పూరింటి కప్పునకు అతుకయై మన సంసారములలో కలిసిపోయెను.

ఈ దీపము మనకు చేసిన మేలును మఱచుట కృతఘ్నత. రాత్రి పాఠశాలలును, గ్రామ గ్రంథాలయములును దీని వెలుతురుననే వర్ధిల్లినవి. బందరున 1902లో పుట్టిన కృష్ణాపత్రికను పల్లెలలో నలుగురు కూడి చదువుకొన్నది లాంతరు చుట్టునే. కాని ఒక విచిత్రమును గమనింపవలెను. 1910లో ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పి స్వదేశీ విద్యకు పేరుగాంచిన పట్టణమిది. ఇచ్చట విదేశవస్త్రమును విడిచిన గృహస్థుడు సైతము సాయంకాలము కాగానే విదేశపు నూనె పోసి దీపము వెలిగించుకొని రాట్నము త్రిప్పెను. గుడ్డకు మగ్గము ప్రత్యామ్నాయముగా నిలిచియుండెను. దీపమునకు ప్రత్యామ్నాయము అప్పటికే అంతరించెను.

ఆ పరాధీనత యొక్క స్వరూపమును 1927వ సంవత్సరము బయటపెట్టినది. న్యూయార్కు స్టాండర్డు ఆయిలు కంపెనీవారు రష్యా కిరసనాయిలును కొని ఇండియాలో అమ్మబూనగా, షెల్ కంపెనీవారు కుపితులై ఇండియాలో తమ ధరలను తెగగోసిరి. ఈ రెండు సంస్థల పోరాటమునకు మన దేశపు బజారులు రణరంగములైనవి. అట్టి కాలమున చౌకగా కొన్న గృహిణి సంతోషించియుండును. మఱుసటి యేడు, 1928లో, షెల్, ఆంగ్లో-పర్షియన్, న్యూజెర్సీ స్టాండర్డు కంపెనీల అధిపతులు స్కాట్లండులోని ఆక్నకారీ కోటయందు కూడి, ఎవరి వాటా వారు కాపాడుకొని పోటీని మానుకొనునట్లు ఒప్పందము చేసికొనిరి. ఆ సంవత్సరముననే ఇండియాలో వ్యాపారముకొఱకు బర్మా-షెల్ సంస్థ యేర్పడెను. గుడివాడ బజారులో కిరసనాయిలు కొలుచు వర్తకుడు ఆ కోట పేరైన వినియుండడు. కాని అతడు చెప్పు ధర అట్టి చోట్ల నిర్ణయమగుచుండెను. దీనికి తోడు ప్రభుత్వమువారు 1917లో మోటారు స్పిరిట్టు మీదను, 1922లో కిరసనాయిలు మీదను ఎక్సైజు సుంకము విధించియుండిరి. పన్ను రాబట్టుటకు చమురువంటి సులువైన వస్తువు వేఱొకటి లేదని పాలకులు ఆనాడే కనిపెట్టిరి.

రెండవది ప్రయాణము. 1855 నాటికి బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియై, దాని కాలువలు డెల్టా నంతటిని అల్లుకొన్నవి. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక లాకులతో గూడిన జలమార్గములై యుండెను. ధాన్యము, కలప, పెండ్లివారు, యాత్రికులు పడవలమీదనే సాగెడివారు. గాలి యున్నప్పుడు తెఱచాప, లేనప్పుడు గట్టువెంట త్రాడు పట్టి లాగు మనుష్యులు. ఇంతకు మించిన ఇంధనము అక్కఱలేదు. 1908లో బెజవాడనుండి బందరునకు రైలుమార్గము వచ్చెను; 1928లో గుడివాడనుండి భీమవరమునకు మఱియొకటి వచ్చెను. ఆ వెనుక మోటారు బస్సులు వచ్చినవి. వేగమును కోరుట మానవసహజము. పడవను విడిచి బస్సెక్కినవారిని నిందింపరాదు. కాని పడవ పోయిన తరువాత లాకులను, పడవదారులను కాపాడు శ్రద్ధయు పోయినది.

దీని ఫలితము యుద్ధకాలమున కొంత తెలిసివచ్చెను. 1941లో పెట్రోలునకు రేషను వచ్చెను. 1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. ఏప్రిలులో యేనంజాంగు నూనెబావులను, శత్రువులకు దక్కకుండునట్లు, బ్రిటిషువారే ధ్వంసము చేసిరి. మన తెలుగుకూలీలు వేలకొలది రంగూను రేవులలోను బియ్యపు మిల్లులలోను పనిచేసి బ్రతికిన బర్మాయే మనకు కిరసనాయిలు పంపిన దేశము. అచ్చటినుండి నూనె యాగిపోయినది. మనుష్యులు అడవిదారుల కాలినడకను తిరిగివచ్చిరి. పట్టణములలో బస్సుల వెనుక పొయ్యిలు తగిలించి బొగ్గువాయువుతో నడిపిరి. పల్లెలలో చిన్నబుడ్డి సయితము ప్రొద్దు గ్రుంకిన కొంతసేపటికే ఆర్పబడుచుండెను. యుద్ధము ముగిసినది, నూనె మఱల వచ్చినది, బొగ్గుబస్సులు పోయినవి. వాటితోపాటు ఆ కష్టము నేర్పిన పాఠమును పోయినది.

మూడవదియగు సేద్యమున మాత్రము మన సీమలో వేఱొక విధమైన దృష్టాంతము కలదు. దానికి స్థానము దివిసీమ. కృష్ణ సముద్రమును చేరబోవుచు రెండు పాయలుగా చీలును. ఆ పాయలకును సముద్రమునకును నడుమనున్న లంకయే దివి. ఆనకట్ట కాలువల నీరు ఏటిగట్టు వఱకు వచ్చియు, పాయ అడ్డమగుటచే ఆవలి ఒడ్డును చేరలేకపోయెను. చుట్టును నీరున్నను చేనికి నీరు లేదు. అప్పుడు ప్రభుత్వము చేసిన పని యేమనగా, ఏటినీటిని యంత్రములతో తోడి కాలువలకెక్కించుట. రుడాల్ఫు డీజిలు తన యంత్రమును 1897లో జయప్రదముగా నడిపి చూపెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకము ముగియకముందే, యూరపునందే క్రొత్తదైన ఆ డీజిలు ఇంజను దివిసీమ వరిచేలకు నీరు తోడుచుండెను. ప్రపంచమునకు చివరనున్నదని తలపబడు ఒక లంక యంత్రయుగమున అంత ముందుగా అడుగిడుట నేటికిని అబ్బురమే.

అయితే ఆ నీటిలో ప్రతి బొట్టునకును సముద్రము దాటి వచ్చిన ఇంధనము తోడు కావలసియుండెను. ఓడ ఆలస్యమైనను, నూనె వెల హెచ్చినను, యంత్రము చెడినను ఆ భారము నాట్లమీద పడవలసినదే. తరువాత పులిగడ్డవద్ద ఏటిపాయమీదుగా అక్విడక్టు నిర్మింపబడెను. అవతలి ఒడ్డున ఆగిపోవుచున్న కాలువనీరు ఆ తొట్టివంతెనమీదుగా తనంత తానే పాఱి దివిసీమను చేరెను. పల్లమునకు పాఱు నీటికి చమురు అక్కఱలేదు. ఒకసారి రాయి పేర్చి కట్టిన ఖర్చు తరతరములకు ఇంధనపు ఖర్చును తప్పించినది. ఇంజను వచ్చినది మంచికే. అక్విడక్టు వచ్చిన తరువాత అది పోయినదియు మంచికే. యంత్రమును ఆశ్రయించియు దానికి బానిస కాకుండుట ఎట్లో ఈ డెల్టా ఒక్కపర్యాయమైన చేసి చూపినది.

అట్లని ఆ విజయము తనంత తాను నిలుచునది కాదు. కాలువ పూడినప్పుడు, పైనుండి నీరు చాలనప్పుడు, కోడూరు, నాగాయలంక ప్రాంతముల శివారు భూములకు నీరందదు. అప్పుడు రైతు మురుగుకాలువ గట్టున ఆయిలు ఇంజను పెట్టి తోడుకొనవలసివచ్చును. పూడికతీతకు వెచ్చింపని సొమ్ము డీజిలు రూపమున రైతు చేతినుండి పోవును. పరాధీనత విడిచిన చోటికి మఱల వచ్చుటకు ఒక్క అశ్రద్ధ చాలును.

స్వాతంత్ర్యానంతరము సంస్థల పేరులు మాఱినవి. 1973 అక్టోబరు యుద్ధము తరువాత కొన్ని నెలలలోనే పీపా ముడిచమురు వెల సుమారు 3 డాలర్లనుండి 11 డాలర్లు దాటెను. 1974లో ఎస్సో, 1976లో బర్మా-షెల్ జాతీయములైనవి. అంగడి మనదైనను సరుకు పరులదే. 2020 తరువాతి సంవత్సరములలో దేశము వాడిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా దిగుమతియైనది. గుడివాడకు అనతిదూరమున కైకలూరు, లింగాల ప్రాంతములలో ఓఎన్‌జీసీ వారికి చమురు, సహజవాయువు దొరికినవి. 2024 జనవరిలో కృష్ణా-గోదావరి సముద్రగర్భమునుండియు చమురు తీయనారంభించిరి. కాని నేలలో దొరికిన వస్తువునకైనను ధర నేలలో దొరకదు. దేశీయ సహజవాయువు ధరను 2014లో అమెరికా, బ్రిటను, కెనడా, రష్యా మార్కెట్లతో ముడిపెట్టిరి. 2023లో ఇండియా కొను ముడిచమురు ధరలో పదవవంతుగా సవరించిరి. ఊరిప్రక్క బావి యున్నను లెక్క మాత్రము దూరదేశముదే.

నాలుగవది వంట. కట్టెల పొగనుండి మన స్త్రీలను విడిపించిన గ్యాసుపొయ్యి నిస్సంశయముగా ఒక సంస్కారము. 1999లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 'దీపం' పేర పేదస్త్రీలకు గ్యాసు కనెక్షనులిచ్చుట కొనియాడదగిన పని. కాని ఇచ్చటను పూర్వపు కథయే జరిగినది. పొయ్యి మాఱి, కట్టెలదొడ్డి పోయి, వెనుకకు మఱలు దారి లేకపోయిన తరువాత, 2020 నడుమనుండి అధికసంఖ్యాకులకు సబ్సిడీ ఆగిపోయెను. 2022లో అది ఉజ్జ్వల లబ్ధిదారులకే పరిమితమని ప్రభుత్వము స్పష్టము చేసినది.

మధ్యతరగతి సంసారముపై భారము నిలుచు చోటు ఇదియే. చమురు వెల పెరిగినప్పుడు లారీయజమాని కిరాయి పెంచును. వర్తకుడు ఆ కిరాయిని సరుకుపై వేయును. గిలకలదిండి రేవున మరపడవ నడుపు జాలరికి ప్రభుత్వము 2019లో లీటరునకు 9 రూపాయల డీజిలు రాయితీ యిచ్చెను, అది న్యాయమే. 2024లో రాష్ట్రప్రభుత్వము అర్హతగల కార్డుదారులకు ఏటికి మూడు సిలిండరులు ఉచితముగా నిచ్చుట ప్రారంభించెను; అదియు న్యాయమే. కాని నెలజీతముపై బ్రతుకు గుమాస్తా, ప్రైవేటు బడిలో చదువు చెప్పు ఉపాధ్యాయుడు, చిన్నకొట్టు పెట్టుకొన్నవాడు పెరిగిన ఖర్చును ఎవరిపై వేయగలరు? వారికి పైకి నెట్టుటకు బలమును లేదు, క్రిందనుండి ఆదుకొను చేయియు లేదు. పెట్రోలు బంకులో ఒకమారు, కూరగాయల గంపవద్ద ఒకమారు, పిల్లల బడిబస్సు రుసుములో ఇంకొకమారు ఒక్క వెలనే వారు ముమ్మారు చెల్లింతురు.

వెల తగ్గినప్పుడైన వారికి ఊరట కలిగినదా? 2020 వేసవిలో లోకమంతట ముడిచమురు నేలబడినది. ఆ మే నెలలోనే కేంద్రప్రభుత్వము పెట్రోలుపై లీటరునకు 10 రూపాయలు, డీజిలుపై 13 రూపాయలు సుంకము పెంచెను. 2021 నవంబరులోను 2022 మేలోను కొంత తగ్గించినమాట నిజమే. రాష్ట్రమునకును తన వంతు పన్ను కలదు. పన్నులు లేక రోడ్లును ఆసుపత్రులును లేవని చదువుకొన్న గృహస్థునకు చెప్పనక్కఱలేదు. అతడు అడుగవలసినది, ఈ రాబడిలో ఎంత భాగము చమురు అవసరమును తగ్గించు పనులపై వెచ్చింపబడుచున్నది అని. ఈ ప్రశ్న పురపాలక సంఘమునందును శాసనసభయందును అడుగబడనంతకాలము పన్ను పన్నుగానే యుండును, పెట్టుబడి కాజాలదు.

అట్టి పనులు మనకు తెలియనివి కావు. బెజవాడ, గుడివాడ, బందరుల రైలుమార్గము విద్యుదీకరణము పొందినది. ఆ బండి యెక్కిన ప్రయాణికుని డీజిలు వెల నేరుగా తాకదు. 2008లో కాకినాడ, ఏలూరు కాలువలను జాతీయ జలమార్గమున చేర్చిరి. ప్రకటన మాత్రముచే పడవ కదలదని వేఱుగ చెప్పనేల? కాలువల పూడిక తీయుట, పల్లెలకు వేళకు బస్సు నడపుట, రైల్వేస్టేషనునకు నడిచిపోవ వీలైన నీడదారి వేయుట చిన్నపనులుగా కనబడును గాని అక్విడక్టు జాతికి చెందినవి ఇవియే. గృహమునందును అంతే. నాలుగు వీధుల దూరమునకు మోటారుబండి తీయు అలవాటు గౌరవము క్రింద చెల్లుచున్నది. ఇంటిలెక్క వ్రాయు గృహిణి ఒక నెల చమురుపద్దును విడిగా వ్రాసి చూచినచో ఆ గౌరవము ఖరీదు తెలియును.

చమురును వాడుట పాపమని ఈ చరిత్ర చెప్పదు. ఆముదపు దీపమునకు మఱలిపొమ్మని ఎవరును కోరరు. చమురు చౌకగా నున్న దినములలోనే చమురు లేని దారిని బాగుచేసి యుంచుకొనవలెనని మాత్రము అది చెప్పుచున్నది. దీపము విషయమున మనము ఆ జాగ్రత్త పడలేదు. పడవ విషయమున పడలేదు. పొయ్యి విషయమునను పడలేదు. పులిగడ్డవద్ద మాత్రము పడితిమి. ఆ తొట్టిలో కాలువనీరు పాఱినన్నాళ్లును, అది పాఱుటకు లీటరు డీజిలైనను కొననక్కఱలేదు.